తప్పెవరిదని అడగని ఆఫీసు

గూడెం, చర్ల అవతల
19 ఫిబ్రవరి 2024

జంపక్క వదినకు చాంది రాసేది.

మేమంతా బాగున్నాం అని మొదలుపెడదామని కూర్చున్నాను గానీ, బాగోలేం. అందుకే ఆ మాట దాటేశాను. ఫోన్ చేద్దామంటే మా టవర్ సంగతి నీకు తెలిసిందే. నిలబెట్టి రంగు కూడా వేశారు, సిగ్నల్ ఒక్కటే వేయలేదు.

నీ తమ్ముడు మిర్చి ఏరడానికి ముదిగొండ వైపు పోయాడు కదా. ఏరుడు పని అయ్యాక అక్కడే వెంకటేశ్వరరావు అనే ఆయన కారం మిల్లులో కూలికి కుదిరాడు. నీడపట్టున పని, ఎండకు మాడేది లేదు అని సంబరపడ్డాడు. పోయిన వారం మిర్చి పోసే మూతి దగ్గర తొక్కలు ఇరుక్కుని మిల్లు మూలిగింది. ఆపి మళ్లీ మొదలుపెడితే పని పోతుందని ఓనర్ ఆపనివ్వడు. ఆ మూతికి అడ్డంగా ఉండాల్సిన ఇనుప జాలీని ఎప్పుడో పీకి గోడకు ఆనించారు. నీ తమ్ముడు చెయ్యి పెట్టి లాగాడు. తొక్కలు బయటికొచ్చాయి. కుడిచేతి బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు లోపలే పోయాయి.

పుండు మీద కారం చల్లినట్టు అని ఊరికే అంటుంటాం. ఆయనకు నిజంగానే చల్లింది వదినా. ఖమ్మం దవాఖానాలో కట్టు కట్టే ముందు కారం కడగడానికే చాలాసేపు పట్టింది.

ఓనర్ మొదటి రోజు బిల్లు కట్టాడు. మంచం పక్కన నిలబడి, "నా సరుకంత రక్తమైంది భీమయ్యా" అని బాధపడ్డాడు. ఆయన్ను మేమే ఓదార్చాలేమో అనిపించింది. ఆ తర్వాత మళ్లీ కనబడలేదు.

ఇప్పుడు బొజ్జయ్య పటేల్ పంచాయితీ పెడదామంటున్నాడు. మన పద్ధతే. తప్పెవరిదో పెద్దల ముందు తేలాలి, తప్పు చేసినవాళ్లు దండుగ కట్టాలి, అందరూ కలిసి తినాలి, ఇక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఓనర్ కూడా వస్తానని కబురు పెట్టాడు. నీ తమ్ముడి చేతి కూలి మీదే ఇల్లు నడిచేది. ఆ చెయ్యి లేకుండా తునికాకు కట్ట కట్టేదెట్లా, నాగలి పట్టేదెట్లా? ఏం చేయమంటావో జల్దీ రాయి.

నీ మరదలు
చాంది


ఇల్లందు
27 ఫిబ్రవరి 2024

చాందీ పిల్లా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, ఇప్పుడు తిట్టడానికి కూర్చున్నాను.

పంచాయితీ ఏంది? మా తమ్ముడిని పదిమంది ముందు నిలబెట్టి తప్పెవరిదని అడగడమా? వాడి సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు మా కోడి గుడ్డు పెట్టకపోయినా, నేనే దాన్ని భయపెట్టుంటా అనే రకం. వాడిని ఇంట్లోంచి కదలనివ్వకు. కదిలితే నోటికి గుడ్డ కట్టు.

నేను చెప్పేది శ్రద్ధగా విను. మా పక్కింటి నవత మొగుడిని లారీ గుద్దింది. కోర్టుకెక్కారు. వచ్చిన డబ్బుతో ముందు ఇంటికి గేటు పెట్టించారు, తర్వాత ఆ గేటుకు రంగేశారు, ఇప్పుడు ఆ గేటు తీసి మాతో మాట్లాడటం మానేశారు. వాళ్ల వకీలు బాలకృష్ణ ఖమ్మంలో ఉంటాడు. చాయ్ తాగడానికి కూడా నల్లకోటుతోనే వస్తాడు, అంత పెద్ద వకీలు. ఆయన్ను కలిశాను. ఓనర్ మీద దావా వేద్దాం అన్నాడు. జాలీ పీకేశాడు, మిల్లు ఆపనివ్వలేదు, అంతా ఆయన నిర్లక్ష్యమే అని నిరూపిస్తే చేతికి వేరే, నొప్పికి వేరే, మనసు బాధకు వేరే ఇస్తారట. భార్య పడ్డ బాధకు కూడా అడగొచ్చట. కాబట్టి నువ్వు ఏడుపు ఆపకు.

మీ అన్న మొండయ్య ఉన్నాడు కదా, నా పెనిమిటి, పక్కన కూర్చుని గొణిగాడు. "పనిల దెబ్బ తగిలితే లేబర్ ఆఫీసుకు పోవాలె గని కోర్టెందుకే?" అంటాడు. ఇన్నేళ్లు గనిలో పనిచేసి ఒంటికి బొగ్గు తప్ప ఇంటికి ఏమీ తేని మనిషి, ఈయన సలహా చెప్పొచ్చాడు. వకీలును అడిగితే, అది పట్టికలో చూసి ఇచ్చే చిల్లర, మనది దావా కేసు అన్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటావేమో, నేనప్పుడే మీ ఇంటికి కొత్త రేకులు వేయించేశాను, మనసులో.

పంచాయితీ వద్దు. మళ్లీ చెబుతున్నా, వద్దు.

మీ వదిన
జంపక్క


గూడెం
12 మార్చి 2024

వదినా,

నీ ఉత్తరం సంత రోజు చేతికొచ్చింది. పంచాయితీ అంతకుముందే అయిపోయింది. కోపం తెచ్చుకోకుండా చదువు. తెచ్చుకుంటావని తెలుసు, అయినా చదువు.

ఓనర్ కారులో వచ్చాడు. కారు వాగు దగ్గరే ఆగిపోతే మన పిల్లలే తోశారు. బొజ్జయ్య పటేల్ మెల్లగా మొదలుపెట్టాడు.

"సారూ, చెయ్యి పెట్టుమని నువ్వు చెప్పినవా?"

"రామరామ! నేనెందుకు చెప్త పటేలా?"

"మరి ఎవలు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన" అన్నాడు నీ తమ్ముడు.

"ఎవలన్న నూకిండ్రా?"

"లే. నా అంతల నేనే పెట్టిన."

మిల్లు ఎందుకు ఆపలేదని, జాలీ ఎందుకు పీకారని నేను వెనక నుంచి అరిచాను. "ఆడోళ్లు జర ఆగుండ్రి" అన్నారు. ఆగాను. ఓనర్ లేచి రెండు చేతులూ జోడించాడు. "మా మిల్లుల పని చేస్కుంట నా సరుకంత ఖరాబ్ చేసిండు. అయినా మావోడే కదా అని నేనేమంటలే" అన్నాడు. ఎంత మంచోడో అని ముసలమ్మలు తలలూపారు. అక్కడితో ఊరుకోక, "జర కల్లు గిట్ల తాగున్నడని మావోళ్లు అంటున్నరు" అని కూడా కలిపాడు.

అప్పుడు లేచాడు వదినా, నీ తమ్ముడు. "తప్పు నాదంటే ఒప్పుకుంట. తాగిన్నంటే మాత్రం ఒప్పుకోను. నేను తాగిననాడు పక్క ఊరికి గూడ తెలుస్తది" అన్నాడు. అందరూ నవ్వి, నిజమే అన్నారు. ఓనర్ కూడా, "సరే సరే, తాగలే" అన్నాడు.

దండుగ ఒక మేక, జీలుగు కల్లు. మేక మాదే, ఆ నల్లచెవుల పోతు. కార్జం ఓనర్‌కే పెట్టారు, పెద్దమనిషి కదా. పోయేముందు, జరిగిందంతా తన డ్రైవర్‌తో ఫోన్‌లో వీడియో తీయించుకున్నానని చెప్పి, నీ తమ్ముడి భుజం తట్టి వెళ్లాడు. వేళ్లు పోయింది మావి, మేక పోయింది మాది. మంచోడనే పేరు ఆయనకు దక్కింది. నేను నాలుగు రోజులు నీ తమ్ముడితో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

చాంది


ఇల్లందు
20 మార్చి 2024

చాందీ,

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించాను. మేక దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి బయటికి పోయాడు. నవ్వడానికి పోయాడో ఏడవడానికి పోయాడో అడగలేదు.

నా తోడబుట్టినవాడు చెయ్యి పోగొట్టుకుని, పోగొట్టినవాడికి మేకను కోసి పెట్టాడు! ఇట్లాంటి వింత నేను పుట్టాక వినలేదు. రేపు ఇల్లు దోచినోడికి బండి కట్టిస్తారా? నువ్వేం చేస్తున్నావే అప్పుడు? ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నావా? గుడ్డ కట్టమన్నాను కదా!

బాలకృష్ణ సారుకు చెబితే, "ఒప్పుకున్నడా? వీడియో గూడ ఉందా?" అని అడిగి, నేను పెట్టిన బిస్కెట్లన్నీ తిన్నాడు. కోర్టులో తప్పు ఓనర్‌దని మనమే నిరూపించాలట. మనవాడే నాదంటే ఇక నిరూపించేదేముంది? అయినా పెద్ద వకీలు కదా, దారి చెప్పాడు. పంచాయితీలో నన్ను బెదిరించి చెప్పించారని భీమయ్య కోర్టులో అనాలి. తప్పంతా ఓనర్‌దే అనాలి. అంతే. దావాలో ఎంత అడిగితే అంతకు తగ్గ కోర్టు ఫీజు ముందే కట్టాలట, ఏళ్లు కూడా పట్టొచ్చట, దానికి భయపడకు. నవత వాళ్ల కేసు జల్దీ అయింది కదా.

వకాలత్ కాగితం ఇందులో పెట్టాను. ఎడమచేత్తో సంతకం పెట్టించి పంపు. ఒక్కసారైనా ఈ ఇంట్లో నా మాట జరగనీ.

జంపక్క


గూడెం
9 ఏప్రిల్ 2024

వదినా,

సంతకం పెట్టలేదు. మొదట ఆ సంగతి రాస్తే మిగతాది ప్రశాంతంగా చదువుతావని రాశాను.

"పెద్దల ముందల నాదన్న. కోర్టుల నీదంటే నా మాటకు విలువేంది? తిన్న మేక లేచొస్తదా?" అంటాడు. వండటం మానేశాను. చింతపండు పులుసు తనే చేసుకుని తిన్నాడు, ఎడమచేత్తో, నాక్కూడా పెట్టాడు. ఇట్లాంటి మనిషితో ఏం కొట్లాడాలి చెప్పు.

ఇక చేసేది లేక, రావాల్సిన కూలి అయినా అడుగుదామని నేనే ముదిగొండ పోయాను. ఓనర్ గల్లా దగ్గర కూర్చుని, "ఏ భీమయ్య? మా మిల్లుల గట్లాంటోడు ఎవడు పనిజెయ్యలేదమ్మా" అన్నాడు. మా ఇంట్లో కార్జం తిన్న నోరు వదినా అది! పనోళ్లు నన్ను చూసి తల తిప్పుకున్నారు. వాళ్ల కూలి వాళ్లకు ముద్దు.

ఖమ్మం బస్టాండులో కూర్చుని ఏడుస్తుంటే, నువ్వు వెక్కిరించి రాసిన మా అన్న మాట గుర్తొచ్చింది. దారి అడుగుతూ అడుగుతూ లేబర్ ఆఫీసుకు పోయాను. నిర్మలాదేవి అని అక్కడ మేడం. నేను పోగానే దండం పెట్టి, "తప్పు మావోనిదే మేడం, ఆయనే ఒప్పుకున్నడు, దండుగకు మేకను గూడ కోసి ఓనర్‌కు పెట్టినం" అని ముందే చెప్పేశాను. ఎట్లాగూ తెలుస్తుంది, దాచడమెందుకు?

ఆమె కళ్లజోడు తీసి నన్ను చూసింది. "తప్పెవరిదని నేను అడగలేదు కదమ్మా" అంది.

"అడగరా?"

"ఇక్కడ అడగం. పనిలో ఉన్నాడా, పని వల్లే దెబ్బ తగిలిందా, ఎంత పోయింది, వయసెంత, కూలెంత. ఇవే అడుగుతాం. తాగి చేశాడంటే అది వేరే మాట. తాగాడా?"

"తాగలే మేడం. ఊరంత సాక్ష్యం."

ఈఎస్ఐ కార్డు ఉందా అని కూడా అడిగింది, లేదన్నాను. కోర్టులో దావా వేశారా అంది. వేయలేదన్నాను. "వెయ్యకముందే వచ్చారు, మంచిది. అక్కడ వేస్తే ఇక్కడ అడగలేరు. ఇక్కడ తీసుకుంటే అక్కడ వేయలేరు. రెండిట్లో ఒకటే దారి" అంది. అక్కడ ఎక్కువొస్తుందంట కదా అని అడిగాను, నీ మీద గౌరవంతోనే. "రావచ్చు. ఓనర్ తప్పు నిరూపిస్తే నొప్పికి, బాధకు కూడా అడగొచ్చు. నిరూపించలేకపోతే ఏమీ రాదు. ఇక్కడ నొప్పికి పట్టికలో గడి లేదమ్మా. పోయిన పనికే లెక్క" అంది.

ఇంటికొచ్చి నీ తమ్ముడికి చెప్పాను. నమ్మలేదు. "తప్పు అడగకుంట పైసలెట్లిస్తరు? గది దొంగ ఆఫీసేమో" అన్నాడు. బొజ్జయ్య పటేల్ దగ్గరికి పోయి అడిగాడు. పటేల్ చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించాడు. "మిల్లు బెల్టు తెగితే సేఠు కొత్తది కొంటడు. బెల్టుతోని కొట్లాడతడా? మనిషి చెయ్యి గూడ గంతే. గది కొట్లాట కాదు. పో" అన్నాడు. నాకు కోపమొచ్చింది, నా మొగుడిని బెల్టుతో పోలుస్తాడా అని. కానీ నీ తమ్ముడు వెంటనే అంగీ వేసుకున్నాడు. మాట తప్పకుండా పోవచ్చు కదా, అదే ఆయనకు కావాల్సింది.

దరఖాస్తు ఇచ్చాం. ఒక్కటే చిక్కు. ఆయన ఆ మిల్లులో పనిచేశాడని రుజువు కావాలి. కార్డు లేదు, కూలి చేతికిచ్చేవాడు. తోటోళ్లు రామంటున్నారు. అది తేలకపోతే ఇక్కడ కూడా వట్టి చేతులే.

నీ కాగితం తడవకుండా చూరులో పెట్టాను.

చాంది


ఇల్లందు
17 ఏప్రిల్ 2024

చాందమ్మ గారికి,

ఇక నుంచి గారు అనే రాస్తాను. నా వకీలును, నా మాటను, నా కాగితాన్ని చూరులో పెట్టిన పెద్దదానివి.

తప్పెవరిదని అడగని ఆఫీసా? మా ఇంట్లో అట్లాంటిది ఒక్క గది ఉన్నా బాగుండు, మీ అన్న అందులోంచి బయటికి రాడు. నిజం చెప్పు, ఓనర్ మీకేమైనా ముట్టచెప్పాడా? లేకపోతే కోర్టు వద్దని ఎందుకు ఇంత పట్టు? బాలకృష్ణ సారును అడిగాను, రెండూ ఒకేసారి వేయకూడదా అని. ఫోన్ మోగుతుందని బయటికి పోయాడు. ఫోన్ బల్ల మీదే ఉంది.

ఇంకో మాట విను. ఓనర్ దగ్గర వీడియో ఉంది కదా. అది పట్టుకుని వాడి వకీలు ఆ ఆఫీసుకు వస్తాడు. తప్పు నాదేనని మనవాడు అరిచింది అందరికీ వినిపిస్తాడు. అప్పుడు మీ మేడం కళ్లజోడు పెట్టుకుని, పో బయటికి అంటుంది. మా తమ్ముడి చెయ్యి నీ మొండితనానికి బలైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

నాకు ఇక ఉత్తరాలు రాయకు. పనైతే ఏమైందో మాత్రం రాయి. కాకపోయినా రాయి.

జంపక్క


గూడెం
6 ఫిబ్రవరి 2025

వదినా,

రాయొద్దన్నావని ఇన్నాళ్లు రాయలేదు. రాయమని కూడా అన్నావని మా అన్న కబురు పెట్టాడు కాబట్టి రాస్తున్నాను. ఓనర్ మాకు ఇచ్చిందేమీ లేదు. ఆయన మా ఇంటికి వచ్చి తినిపోయిందే తప్ప, తెచ్చింది లేదు.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. వచ్చినప్పుడల్లా ఓనర్ ఒక్కటే పాట. ఈ మనిషెవరో తెలియదు, మా మిల్లులో ఎప్పుడూ చేయలేదు. నీ తమ్ముడు ఆయన మొహంలోకి చూసి, "సారూ, నేను భీమయ్యను" అని గుర్తుచేసేవాడు, నిజంగా మర్చిపోయాడేమో అని! చివరికి ఈసారి పటేల్‌ను సాక్ష్యానికి తీసుకుపోయాం. పటేల్‌ను చూడగానే ఓనర్ తరఫు వకీలు నవ్వాడు. "ఈ సాక్ష్యం ఎందుకు మేడం, నా దగ్గర ఇంతకన్నా గట్టిది ఉంది" అని ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. నువ్వు చెప్పినట్టే అయింది వదినా.

వీడియో నడిచింది. నేనే పెట్టిన, నా అంతల నేనే పెట్టిన అని నీ తమ్ముడి గొంతు. వకీలు చేతులు చాపి, "చూశారా మేడం, తప్పు తనదేనని స్వయంగా ఒప్పుకున్నాడు. తాగలేదని కూడా చెప్పాడు, అంటే పూర్తి స్పృహలోనే చేశాడు" అన్నాడు. గెలిచినట్టు ఓనర్ వైపు చూశాడు. మేడం, ఇంకా నడపండి అంది. తర్వాత ఓనర్ లేచి చేతులు జోడించే ముక్క వచ్చింది. మా మిల్లుల పని చేస్కుంట నా సరుకంత ఖరాబ్ చేసిండు అని.

"ఆపండి" అంది మేడం. "ఈ మాటన్నది మీరేనా వెంకటేశ్వరరావు గారూ?"

ఓనర్ వకీలు వైపు చూశాడు. వకీలు ఫోన్ వైపు చూశాడు.

"మావోడే అని కూడా అన్నారు. మీ మిల్లులో పనిచేస్తుంటేనే దెబ్బ తగిలిందని మీరే చెప్పారు. తాగలేదని మీ వకీలే చెప్పారు. నాకు కావాల్సింది ఇంతే" అంది.

"మరి తప్పు మేడం? తప్పు వాడిదని తేలింది కదా!" అని ఓనర్ లేచాడు.

"దానికి మీరు మేక తిన్నారు కదా" అంది మేడం. పటేల్ పగలబడి నవ్వాడు. జవాను వచ్చి ఊరుకోమన్నాడు.

ఆర్డర్ వచ్చింది. ఓనర్ డబ్బు లేబర్ ఆఫీసులో జమ చేశాడు, మాకు అందింది. మీ నవత గేటు అంత లేదు. మా చెల్క భూమి వేరేవాళ్లకు కౌలుకు ఇవ్వకుండా ఎద్దుల జత, కూలి మనిషితో ఈ యేడు మేమే చేసుకుంటాం, అంతవరకూ వస్తుంది. కొత్త రేకులు నీ మనసులోనే ఉండనీ.

ఇక అసలు సంగతి. ఆర్డర్ తీసుకున్న రోజు నీ తమ్ముడు బయటికి రాబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "మేడం, నిజంగ నా తప్పు లేదా?" అని అడిగాడు. ఆమె తలెత్తి, "అది నేను చూడలేదు భీమయ్యా. చెప్పలేను" అంది. సరే అని దండం పెట్టి బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. అంతే, ఏడుపు అందుకున్నాడు. దెబ్బ తగిలిననాడు లేదు, కట్టు విప్పిననాడు లేదు, యేడాది తర్వాత ఆ వరండాలో పసిపిల్లాడిలా ఏడ్చాడు. జనం మా చుట్టూ మూగారు. డబ్బులొస్తాయి కదా, ఇప్పుడు ఏడుపేంది అని నేనే కసిరాను. కసిరినందుకు ఇప్పుడు నా మీద నాకే కోపం.

"తప్పు నాదైనంక నొస్తుందని ఎవలికి చెప్పాలె చాందీ? నవ్వుతరని ఊకున్న" అన్నాడు. "ఈడ ఎవలు అడగలే. మస్తు నొచ్చింది చాందీ. ఆనాడు మస్తు నొచ్చింది."

నీ మరదలు
చాంది